కోడి (మీడియా సెంటర్)

కోడి అనేది వీడియోలు, పాటలు, ఫొటోలతో పాటు ఇంటర్నెట్ టీవీ ఛానళ్లనూ ఒకే తెర మీద చూపించే ఉచిత, ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ గేమింగ్ యంత్రం కోసం ఔత్సాహికులు రాసుకున్న ప్లేయర్‌గా 2002లో మొదలై, ఎక్స్‌బీఎంసీగా పేరు తెచ్చుకుంది. 2014లో కోడిగా మారింది. విండోస్, మ్యాక్, లినక్స్, ఆండ్రాయిడ్‌లపై పనిచేస్తుంది.

కోడి తనంతట తాను ఏ ఛానలూ ఇవ్వదు. ఈ సంగతి తెలియక చాలామంది ఖాళీ తెర చూసి నిరాశపడతారు. ప్రత్యక్ష ప్రసారాలకు ‘పీవీఆర్ ఐపీటీవీ సింపుల్ క్లయింట్’ అనే యాడాన్ (అదనంగా జోడించుకునే భాగం) కావాలి. సెట్టింగ్స్‌లోని యాడాన్ల విభాగంలో, పీవీఆర్ క్లయింట్ల జాబితాలో అది దొరుకుతుంది. ఉబుంటులో మాత్రం దాన్ని విడి ప్యాకేజీగా వేసుకోవాల్సి రావచ్చు. తర్వాత ఛానళ్ల చిరునామాలుండే ఎం3యూ జాబితానూ, కార్యక్రమాల వేళలుండే ఎక్స్‌ఎంఎల్‌టీవీ ఫైలునూ దానికి చూపించాలి.

చిక్కంతా ఈ రెండింటినీ కలపడంలోనే ఉంది. జాబితాలో ఛానల్ పక్కన సాధారణంగా ‘టీవీజీ-ఐడీ’ అనే గుర్తు ఉంటుంది. వేళల ఫైలులోనూ అదే గుర్తు ఉంటే జత నమ్మకంగా కుదురుతుంది. లేకపోతే ఛానల్ వస్తుంది కానీ కార్యక్రమాల వేళలు చూపే గైడ్‌లో ఆ వరస ఖాళీగా మిగలవచ్చు. ఫైలులో టైమ్ జోన్ సరిగా రాయకపోతే భారత్‌లో వేళలు అయిదున్నర గంటలు తేడాగా కనిపించవచ్చు. యాడాన్‌లోని టైమ్ షిఫ్ట్‌తో దాన్ని సరిచేయవచ్చు.

అనుమతి లేని జాబితాలు నెట్‌లో కుప్పలుతెప్పలు. ప్రసారకర్తలే ఉచితంగా ఇచ్చే లింకులను వాడటమే సరైన పని.