విశ్వ కిరణాల దారి మళ్లించే అయస్కాంత క్షేత్రాలు: ‘అమతెరాసు’ ఎక్కడి నుంచి వచ్చింది?

2021 మే 27న అమెరికాలోని యూటా రాష్ట్రంలో, ఎడారి నేలపై అమర్చిన 23 పరికరాలు దాదాపు ఒకేసారి ఒకే కణం జాడను పట్టుకున్నాయి. దాని శక్తి 244 ఎక్సా ఎలక్ట్రాన్ వోల్టులు. సులువుగా చెప్పాలంటే, కిలో బియ్యం సంచి 4 మీటర్ల ఎత్తు నుంచి కింద పడితే ఎంత శక్తి ఉంటుందో, అంత శక్తి పరమాణువు కన్నా చిన్నదైన ఒక్క కణంలో ఉంది. 2023 నవంబర్‌లో ఈ వివరాలు వెల్లడయ్యాయి. ఆ కణానికి ‘అమతెరాసు’ అని పేరు పెట్టారు. విచిత్రం ఏమిటంటే, అది వచ్చిన దిక్కులో గెలాక్సీలు దాదాపు లేవు, అంతా ఖాళీయే.

ఏమిటీ విశ్వ కిరణాలు?

ఆస్ట్రియా శాస్త్రవేత్త విక్టర్ హెస్ 1912లో బెలూన్‌లో పైకి వెళ్లి వీటిని కనిపెట్టారు. పేరుకే కిరణాలు. నిజానికి ఇవి ఎక్కువగా ప్రోటాన్ల నుంచి ఇనుము దాకా ఉండే పరమాణు కేంద్రకాలు. 100 ఎక్సా ఎలక్ట్రాన్ వోల్టులు దాటినవి చదరపు కిలోమీటరుకు సుమారు వందేళ్లకు ఒకటి మాత్రమే వస్తాయి. అందుకే అర్జెంటీనాలోని పియెర్ ఓజే కేంద్రంలో 3,000 చదరపు కిలోమీటర్ల మేర 1,600కు పైగా నీటి ట్యాంకులు పెట్టి వీటి కోసం కాపు కాస్తున్నారు.

దారి ఎందుకు వంగుతుంది?

ఖిబ్లా చూసుకునే దిక్సూచి ముల్లును తిప్పేది భూమి అయస్కాంత క్షేత్రమే. మన పాలపుంతలోనూ అలాంటి క్షేత్రం ఉంది. భూమి క్షేత్రంతో పోలిస్తే అది సుమారు లక్ష రెట్లు బలహీనం. కానీ కణం అందులో వేల కాంతి సంవత్సరాలు ప్రయాణించాలి. కణానికి విద్యుదావేశం ఉంటుంది కాబట్టి అడుగడుగునా కాస్త కాస్త వంగుతూ వస్తుంది. కాంతికి ఆవేశం లేదు, అందుకే నక్షత్రాన్ని చూస్తే దాని దిక్కు తెలిసిపోతుంది.

ఎంత వంగుతుందన్నది రెండు విషయాల మీద ఆధారపడుతుంది. శక్తి పెరిగితే వంపు తగ్గుతుంది, ఆవేశం పెరిగితే వంపు పెరుగుతుంది. తక్కువ శక్తి కణాలు గిరగిరా తిరిగి తమ అసలు పతా పూర్తిగా పోగొట్టుకుంటాయి. అత్యధిక శక్తి గల ప్రోటాన్ మాత్రం కొద్ది డిగ్రీలే పక్కకు జరుగుతుంది. అదే శక్తి ఉన్న ఇనుప కేంద్రకానికి ఆవేశం 26 రెట్లు, కాబట్టి వంపు కూడా అంతే ఎక్కువ.

అమతెరాసు చిక్కు ఇక్కడే ఉంది. అది ప్రోటాన్ అయితే ఆ ఖాళీ వైపు నుంచే వచ్చి ఉండాలి. బరువైన కేంద్రకం అయితే అసలు పుట్టిల్లు మరో దిక్కున ఉండొచ్చు. పైగా ఇంత శక్తి గల కణాలు ఆదిమ విశ్వం నుంచి మిగిలిన మైక్రోవేవ్ కాంతిని ఢీకొంటూ శక్తి కోల్పోతాయి. కాబట్టి మరీ దూరం నుంచి రాలేవు.

తేలింది ఏమిటి?

8 ఎక్సా ఎలక్ట్రాన్ వోల్టులు దాటిన కణాలు ఆకాశంలో ఒక వైపు నుంచి కాస్త ఎక్కువగా వస్తున్నాయని 2017లో ఓజే కేంద్రం ప్రకటించింది. ఆ వైపు పాలపుంత కేంద్రానికి చాలా దూరంగా ఉంది. అంటే ఇవి బయటి గెలాక్సీల నుంచే వస్తున్నాయన్నమాట.

మనకు ప్రమాదమా?

భయం అక్కర్లేదు. కణం గాలిని ఢీకొని కోట్లాది చిన్న కణాలుగా విడిపోయి, చదరపు కిలోమీటర్ల మేర చెల్లాచెదురవుతుంది.

ఇప్పుడు ఓజే ట్యాంకులపై కొత్త పరికరాలు బిగించారు. వచ్చిన కణం తేలికదా, బరువైనదా అన్నది వీటితో మెరుగ్గా తెలుస్తుంది. అది తెలిస్తేనే వంపును లెక్కగట్టి, కణం వచ్చిన చోటును వెతకగలరు.