నిజాంసాగర్ నీళ్ల వెంట వచ్చినవాళ్లు

నిజాంసాగర్ చరిత్ర అడిగితే మా దగ్గర ఎవరైనా కట్ట గురించే చెప్తారు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలం, ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్, 1923లో మొదలై 1931లో పూర్తయిన పని, మంజీర మీద దాదాపు మూడు కిలోమీటర్ల కట్ట. మనుషుల సంగతి ఎవరూ ఎత్తరు. ఈ కట్ట కోసం నలభై ఊర్లు ఖాళీ చేయించారంటారు. ఆ ఊర్ల పేర్లన్నీ ఒక్కచోట చెక్కిన పలక నాకైతే ఎక్కడా కనబడలేదు.

ఆ ఊర్లవాళ్లు ఖాళీ చేసి పోయినంక ఇంకొకరు వచ్చారు. 2.75 లక్షల ఎకరాలకు నీళ్లని లెక్క గట్టి కాలువ తవ్వారు గాని, అప్పటి మన రైతుకు అలవాటైంది జొన్న, పప్పులు, చెరువు కింద ఇంత వరి. కాలువ సేద్యం చేతికొచ్చినవాళ్లు కృష్ణా, గోదావరి డెల్టాల్లో ఉన్నారు. అక్కడ ఎకరం అమ్ముకుంటే ఇక్కడ దానికి ఎన్నో రెట్లు భూమి వచ్చేది. పిల్లాజెల్లతో వచ్చి పొలాల్లోనే గుడిసెలు వేసుకున్నారు. వాటికి క్యాంపులని పేరు పడింది. బాన్సువాడ, వర్ని, కోటగిరి, బోధన్ వైపు పోతుంటే ఇప్పటికీ ఊరి పక్కన క్యాంపు తగులుతుంది. గుడిసెలు పోయి డాబాలొచ్చినా పేరు మారలేదు. 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది, ఈ నీళ్లకు చెరుకు కూడా తోడైంది.

ఇందులో ఒక తిరకాసు ఉంది. సర్కారు కొలువు కావాలంటే పదిహేనేళ్లు ఇక్కడ ఉండి ముల్కీ (స్థానికుడు) అనిపించుకోవాలని 1919లో ఫర్మానా ఇచ్చిన రాజ్యమే, సేద్యానికి బయటి రైతును రానిచ్చింది. అంతా సాఫీగా నడిచిందనను. భూమి చవకగా అమ్ముకుని, ఆ పొలంలోనే కూలికి పోయిన ఇక్కడి కుటుంబాల బాధ ఉత్తది కాదు. 1969లో ముల్కీ గొడవ మళ్లీ రేగినప్పుడు క్యాంపోళ్ల భయం కూడా ఉత్తది కాదు. ఇప్పుడు క్యాంపోళ్ల మనుమలు, మునిమనుమలు మన బడిలోనే చదివారు, మన యాసలోనే తిడతారు.

ఈ కొన్నేళ్లుగా నాట్లకు కొత్త మనుషులొస్తున్నారు. బిహార్, ఉత్తరప్రదేశ్, బెంగాల్ నుంచి గుంపులుగా దిగుతారు. నాటు మన దగ్గర ఆడవాళ్ల పని, వాళ్లలో మగవాళ్లే వేస్తారు. పొద్దు పొడవక ముందే మడిలో దిగి, వెనక్కి నడుస్తూ నాటుతుంటే చూడబుద్ధవుతుంది. ఎకరానికింతని గుత్త. రాత్రికి పడక ఏ మోటరు షెడ్డులోనో, సగం కట్టిన ఇంట్లోనో. కిరాణా కొట్టులో ఇప్పుడు వాళ్ల కోసం ఆవనూనె సీసాలు పెడుతున్నారు. మిగతా ఊరికంటే దుకాణదారే వాళ్లను ముందు గుర్తించాడు.

"వాళ్లు తక్కువకు ఒప్పుకుంటే మాకు పనేది?" అని మన ఆడకూలీలు అడుగుతున్నారు. న్యాయమైన మాటే. కాని రేటు తగ్గించింది నడుమ ఉన్న మేస్త్రీ, దానికి తలూపిన రైతు. ఇద్దరికీ ఒకటే రేటని ఊరు కూర్చుని తేల్చితే ఈ పంచాయితీ సగం తీరుతుంది.

మనమూ వలసపోయినవాళ్లమే. దుబాయ్, మస్కట్ పోయినవాళ్లు లేని వాడ మన జిల్లాలో అరుదు. ఖఫీల్ (అక్కడి యజమాని) పాస్‌పోర్టు గుంజుకున్నాడనీ, అకామా (నివాస అనుమతి) చేయించక కాగితాల్లేని ఖల్లివెల్లి చేశాడనీ ఏడ్చిన ఇండ్లు మనవి. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షలిచ్చేలా 2024లో సర్కారు ఉత్తర్వు తెచ్చిందంటే, అది ఏండ్ల కొట్లాట ఫలం. అలాంటి మనం బిహార్ పిల్లగాడి ఆధార్ కార్డు "పని అయ్యేదాకా నా దగ్గరుండనీ" అని జేబులో పెట్టుకునే మేస్త్రీని చూసీ చూడనట్టు పోతే, ఖఫీల్‌ను తిట్టే హక్కు మనకెక్కడిది?

2020 లాక్‌డౌన్‌లో వలస కార్మికులను ఇంటికి చేర్చే శ్రామిక్ రైళ్లలో దేశంలోనే మొదటిది మే 1న మన లింగంపల్లి నుంచే జార్ఖండ్‌లోని హతియాకు పోయింది. వారం తిరిగేసరికి, రైసుమిల్లుల్లో హమాలీలు లేక వడ్లు దిగడం కష్టమై, బిహార్ నుంచి రెండు వందలకు పైగా కార్మికులను రైలెక్కించి తెచ్చుకున్నారు. అదే లింగంపల్లిలో మంత్రులు పూలిచ్చి స్వాగతం చెప్పారు. మంచిదే. కాని ఆ పూలు మన అవసరానికి ఇచ్చినవి. దేశంలో ఎక్కడికైనా పోయి బతికే హక్కు రాజ్యాంగం 19వ అధికరణమే ఇచ్చింది, దానికి వడ్ల సీజనుతో పనిలేదు.

వచ్చే యాసంగి నాట్లలోపు మన పంచాయతీలు చేయగలిగింది పెద్ద పనేమీ కాదు. వచ్చిన గుంపులో ప్రతి ఒక్కరి పేరు, ఇంటివాళ్ల ఫోన్ నంబరు రాసుకోవాలి. పడుకునే చోట కరెంటు తీగలు సరిగ్గా ఉన్నాయా చూడాలి. కూలి పైసలు మేస్త్రీకి కాకుండా ఎవరిది వాళ్ల చేతికివ్వాలి. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు పథకం కింద బిహార్ కార్డుకూ ఇక్కడి డీలరు బియ్యం ఇవ్వాల్సిందే. ఆ సంగతి హిందీలో రాసిన బోర్డు ఒకటి రేషన్ దుకాణం ముందు పెట్టించండి.