కోటయ్య పాత్ర



మన కడప జిల్లా సురభి గ్రామమున 1885లో కీచకవధ ఆడుటతో సురభి నాటక సమాజము పుట్టినదని మీరెఱిగినదే. అట్టి నాటకములు చూచి పెరిగిన మనకు నటన యనగా గొంతు. పద్యము కడపటి వరుసలోనివానికి వినబడవలెను, కోపము వచ్చినచో గద పైకి లేవవలెను. ఇది తప్పని నేననను. ఆరుబయట, పెట్రోమాక్సు దీపముల వెలుతురున, వందలకొలది జనము కూర్చున్నచోట మఱియొక దారి లేదు. సినిమాకు ఈ లెక్క చెల్లదని నాకు తెలియజేసినది 1955 నాటి ‘బంగారు పాప’, అందు కోటయ్య వేషము ధరించిన ఎస్.వి. రంగారావు.

ఆ చిత్రమును తీసినవారు మన జిల్లావారే. బి.ఎన్. రెడ్డిగారు 1908లో పులివెందుల తాలూకా కొత్తపల్లెలో జన్మించిరి. మూలకథ ఇంగ్లండుది. జార్జి ఇలియట్ అను మగపేరు పెట్టుకొని ఒక రచయిత్రి 1861లో ప్రకటించిన ‘సైలాస్ మార్నర్’ నవల అది. అందలి కథానాయకుడు నేతగాడు. జమ్మలమడుగు మగ్గముల నెఱిగిన మనకు పరాయివాడు కాడు. కూడబెట్టిన బంగారము పోగొట్టుకొని, దాని చోట ఒక పసిబిడ్డను పొందును. రెడ్డిగారును పాలగుమ్మి పద్మరాజుగారును ఆ కథను తెలుగునాటికి తెచ్చిరి.

కోటయ్య చెఱసాలనుండి వెలువడినవాడు. లోకముమీద కసి, పైపెచ్చు త్రాగుడు. గాలివాన రాత్రి దిక్కులేని బిడ్డ దొరకును. సామాన్యనటుడైనచో అక్కడనే కన్నీరు కార్చి మనచేత కార్పించును. రంగారావు అట్లు చేయడు. అంత కొండవంటి మనిషికి అంత చిన్నబిడ్డతో ఏమి చేయవలెనో తెలియకపోవుటను మాత్రము చూపును. చూచి నేను మొదట నవ్వితిని. ఆ నవ్వు ముగియకముందే గొంతులో ఏదో అడ్డుపడినది. కసి తీఱినదని చెప్పుటకు అతనికి ఉపన్యాసము అక్కఱలేదు. నడక మెత్తబడును, గొంతు దిగును, అంతే.

కథ నడచినకొలది కోటయ్య ముసలివాడగును. 1918లో పుట్టిన రంగారావునకు అప్పటికి నలువదియేండ్లు నిండలేదు. నెరసిన జుట్టు ఎవరైనను అతికించుకొనవచ్చును. పెంచిన బిడ్డ పరాయిదగునేమో యన్న బెదురును కన్నులలో నిలుపుట వేఱు. ఆడపిల్లను అత్తవారింటికి పంపిన మీకు నేను వివరింప నేల?

చిత్రమునకు రాష్ట్రపతి రజతపతకము వచ్చినది గాని పెట్టెలో డబ్బు పడలేదు. 1951లో ‘పాతాళభైరవి’ మాంత్రికుడుగా, 1963లో ‘నర్తనశాల’ కీచకుడుగా జనము రంగారావును గుర్తుంచుకొనిరి. కీచకుడనగానే మనకు సురభి గుర్తునకు వచ్చును గదా, పాత రుచి అంత త్వరగా పోదు.

మా యూరి రచ్చకట్టమీద ఒకనాడు రంగారావు పేరెత్తగా అందఱును ఆ మాంత్రికుని గూర్చియే మాటలాడిరి. కోటయ్యను చూచినవాడు నాతోపాటు ఒక్కడే, మగ్గము నేయు ముసలాయన. ఆయన మాటలాడలేదు. రెండుచేతులు ముందుకు చాచి, లేని బిడ్డను జాగ్రత్తగా ఎత్తుకొని చూపెను.