బొగ్గు దిబ్బ మీద పలకరాయి

బెల్జియంలో మోన్స్ చుట్టుపక్కల నేల చాలావరకు చదును. అందుకే పక్కనే క్వెమ్ దగ్గర పచ్చటి కొండ కనబడితే ఆశ్చర్యపోయాను. నల్లమలను చూస్తూ పెరిగినదాన్ని, ఎక్కకుండా ఉండలేకపోయాను. కాలిబాట పక్కన చెట్లు, పిల్లల్ని వెంటేసుకుని వచ్చిన కుటుంబాలు. కాళ్ల కింద మాత్రం అంతా నల్లరాయి. ఒక ముక్క తీసి గోరు దూర్చితే పొరలు పొరలుగా విడిపోయింది, లోపల ఫెర్న్ ఆకు అచ్చు. మా మార్కాపురం పలకరాయి ఉలికి విడిపోయే తీరే గుర్తొచ్చింది. అది కొండ కాదట, బొగ్గుగనుల్లోంచి తవ్విపోసిన వ్యర్థం. ఇలాంటి దిబ్బల్ని ఇక్కడ తెరిల్ అంటారు.

నేను చదివేది స్మార్ట్ సిటీల మీద మాస్టర్స్. మోన్స్, ఎడిన్‌బరోలోని హెరియట్ వాట్, థెస్సలొనీకిలోని ఇంటర్నేషనల్ హెలెనిక్, స్పెయిన్‌లోని బాస్క్ కంట్రీ విశ్వవిద్యాలయాలు కలిసి నడిపే ఎరాస్మస్ ముండుస్ కోర్సు. తరగతిలో కరెంటు, భవనాల వేడి, సెన్సర్లు. ఆ దిబ్బ ఎక్కినప్పటి నుంచీ మాత్రం ఈ ఊళ్లను తవ్విందెవరో తెలుసుకోవాలన్న ధ్యాస పట్టుకుంది.

మోన్స్‌కు ఆనుకుని ఉన్న ఈ బొగ్గుసీమ పేరు బోరినాజ్. వాన్ గో చిత్రకారుడు కాక ముందు, 1878 చివర్లో, గనికూలీలకు మతబోధ చేయడానికి వచ్చింది ఇక్కడికే. దగ్గర్లోనే గ్రాన్ ఓర్ను ఉంది. 1810 తర్వాత ఆంరి దె గోర్జ్ అనే ఫ్రెంచి యజమాని నడిపిన గని, కట్టించిన వర్క్‌షాపులు, నాలుగు వందలకు పైగా కూలీల ఇళ్లు. ఇంటింటికీ పెరడు, పిల్లలకు బడి. రెండు వందల ఏళ్ల కిందటే ఇంత ఆలోచించారా అని ముచ్చటేసింది. కానీ అన్ని గనులూ అలా లేవు. 1886 మార్చిలో లియేజ్‌లో మొదలైన కార్మికుల అల్లర్లు షార్లెరువా బొగ్గు ప్రాంతానికి పాకాయి, సైన్యం కాల్చింది, మనుషులు చచ్చిపోయారు. ఆ తర్వాతే, 1889లో, పన్నెండేళ్లలోపు పిల్లల్ని ఫ్యాక్టరీల్లో, గనుల్లో పెట్టుకోకూడదని చట్టం వచ్చింది.

ఆ సంవత్సరం చదివాక మా ఊరి మీదికి మనసు పోయింది. ఎందరో పిల్లలు అఆలు దిద్దింది మార్కాపురం పలక మీద. ఆ పలక తయారుచేసే చోట బడికి పోని పిల్లలుండేవారు. 1996 డిసెంబరులో శివకాశి అగ్గిపెట్టెల పరిశ్రమ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, పిల్లలు పనిచేస్తున్న పరిశ్రమల్లో మార్కాపురం పలకలనూ పేరుపెట్టి చెప్పింది. ఒక్కో పిల్లవాడికి యజమాని ఇరవై వేల రూపాయలు కట్టాలంది. బెల్జియం చట్టానికీ ఈ తీర్పుకూ మధ్య నూట ఏడేళ్లు. ఆ లెక్క తలచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

మళ్లీ బెల్జియం సంగతికొస్తే, బొగ్గు తవ్వడానికి మనుషులు చాలక 1946లో ఆ దేశం ఇటలీతో ఒప్పందం చేసుకుంది: వాళ్లు మనుషుల్ని పంపాలి, వీళ్లు బొగ్గు అమ్మాలి. వచ్చినవాళ్లలో చాలామందికి దొరికిన బస యుద్ధఖైదీల పాత రేకుల షెడ్లు. 1956 ఆగస్టు 8న మార్సినెల్ గనిలో మంటలు లేచి 262 మంది చనిపోయారు, అందులో 136 మంది ఇటలీవాళ్లు. అలా వలసొచ్చిన ఇటలీ కుటుంబంలో పుట్టిన ఎలియో దిరూపో మోన్స్ మేయరయ్యాడు, 2011లో దేశ ప్రధానీ అయ్యాడు. మార్కాపురం, గిద్దలూరు, కంభం పల్లెల నుంచి నీళ్లు లేక పనుల కోసం మూటాముల్లె సర్దుకుని పోయేవాళ్లు తెలిసినదాన్ని కాబట్టి ఈ కథ నాకు చప్పున ఎక్కింది. ఇక్కడ కుళాయి తిప్పి నీళ్లు పట్టుకునేటప్పుడు కూడా మా వీధిలో ట్యాంకరు దగ్గర వరుసగా పెట్టిన బిందెలే కళ్లలో మెదులుతాయి. వెలిగొండ ప్రాజెక్టు నీళ్లు వచ్చాయా అని ఫోన్ చేసినప్పుడల్లా అమ్మను అడుగుతాను.

గనులు మూతపడ్డాక ఇక్కడివాళ్లు వాటిని పూడ్చి మరిచిపోలేదు. గ్రాన్ ఓర్ను ఇప్పుడు మ్యూజియం. 2012లో మరో మూడు గనులతో కలిపి యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

అందుకే మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీ నడిపిన ఇళ్లవాళ్లకు, అందులో కూలి చేసినవాళ్లకు నాదొక్కటే మనవి. పాత ఉలులు, సుత్తులు, చెక్క ఫ్రేములు, కూలి లెక్కల పుస్తకాలు పాత సామాన్ల వాడికి వేయకండి. ఈసారి సెలవులకు వచ్చినప్పుడు ఇల్లిల్లూ తిరిగి ఫొటోలు తీసుకుంటాను, క్వారీలో ఎవరు ఏ పని చేశారో పేర్లతో సహా రాసుకుంటాను.