అడినాయిడ్ సిస్టిక్ కార్సినోమా: ఒక లాలాజల గ్రంథి క్యాన్సర్‌ను గుర్తుపట్టిన చరిత్ర

అడినాయిడ్ సిస్టిక్ కార్సినోమా లాలాజల గ్రంథుల్లో పుట్టే ఒక రకం క్యాన్సర్. చెవి ముందు, దవడ కింద ఉండే పెద్ద గ్రంథుల్లో వస్తుంది. అంగిలిలోనూ, నాలుకలోనూ, ముక్కు పక్కనున్న గాలిగదుల్లోనూ కంటికి ఆనని చిన్న గ్రంథులుంటాయి; వాటిలోనూ వస్తుంది. తల, మెడ భాగాల క్యాన్సర్లలో దీని వాటా సుమారు 1 శాతం. దీన్ని అర్థం చేసుకోవడానికి వైద్యానికి నూట యాభై ఏళ్లు పట్టిందంటే, అరుదైన జబ్బు కావడం ఒక్కటే కారణం కాదు. మైక్రోస్కోప్ కింద సాధువులా కనిపిస్తుంది, ఒంట్లో ఏళ్ల తరబడి నిదానంగా నడుస్తుంది. ఆ నెమ్మదితనమే ఒక తరం తర్వాత మరో తరం వైద్యులను ఏమార్చింది.

గవదబిళ్లలు వచ్చి చెంపలు ఉబ్బడం మనుషులకు ఎప్పటినుంచో తెలుసు. ఆ ఉబ్బే గ్రంథి నుంచి లాలాజలం ఏ దారిన నోట్లోకి వస్తుందో మాత్రం 17వ శతాబ్దంలోగాని తేలలేదు. దవడ కింది గ్రంథి నాళాన్ని ఇంగ్లండ్ వైద్యుడు థామస్ వార్టన్ 1656లో వర్ణించాడు. 1660లో ఆమ్‌స్టర్‌డామ్‌లో చదువుకుంటున్న నీల్స్ స్టెన్సెన్ గొర్రె తలను కోసి పరీక్షిస్తూ చెవి ముందున్న పెరోటిడ్ గ్రంథి నాళాన్ని కనుక్కున్నాడు. గ్రంథిలో పెరిగే గడ్డ దేనితో తయారవుతుందో తెలియడానికి మరో రెండు వందల ఏళ్లు ఆగాల్సి వచ్చింది.

1853, 1854 సంవత్సరాల్లో ఫ్రాన్స్‌లో రోబిన్, లోరెన్, లబుల్‌బెన్ అనే వైద్యులు ఒక వింత గడ్డ గురించి రాశారు. దాని లోపలి అల్లికలో గొట్టాల్లాంటి ఆకారాలు కనిపించాయి. ఆ దశాబ్దం చివర్లో థియొడోర్ బిల్‌రోత్ ఆ ఆకారాన్ని బట్టే దానికి ‘సిలిండ్రోమా’ అని పేరు పెట్టాడు. తర్వాతి కాలంలో వియన్నాలో, 1881లో, జీర్ణకోశంలో కొంత భాగాన్ని కోసి తీసిన ఆపరేషన్‌లో విజయం సాధించిన సర్జన్ ఇతనే. అతను చూసినదాన్ని నేటి విద్యార్థి కూడా స్లైడ్ మీద చూడవచ్చు. జంతికల గొట్టం అడుగున ఉండే చిల్లుల బిళ్లలాగా, కణాల గుంపుల మధ్య గుండ్రటి ఖాళీలుంటాయి. వాటి నిండా జిగురు పదార్థం ఉంటుంది. అవి నిజమైన తిత్తులు కావని, కణాలు తమ బయటివైపు పేర్చుకున్న పదార్థం పోగుపడ్డ చోట్లని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ వచ్చాకే స్పష్టమైంది. బిల్‌రోత్ చూపు గొప్పదే. కానీ అతను పెట్టింది ఆకారాన్ని చెప్పే పేరు. గుణం అందులో లేదు.

ఆ లోటు ఖరీదైనదైంది. నెత్తి చర్మం మీద వచ్చే, సాధారణంగా ప్రాణానికి ముప్పులేని మరో గడ్డకూ సిలిండ్రోమా అనే పేరే స్థిరపడింది. లాలాజల గ్రంథి గడ్డను కూడా చాలాకాలం హానిలేని ‘మిశ్రమ గడ్డ’కు ఒక రూపంగా లెక్కేశారు. గడ్డను ఒలిచి తీసేస్తే పని అయిపోయిందనుకున్నారు. అది మళ్లీ వచ్చేది. 1930లో స్పీస్ అనే వైద్యుడు ‘అడినాయిడ్ సిస్టిక్ కార్సినోమా’ అనే పేరు వాడాడు. 1940లలో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు డాకర్టీ, మేయో ఇది ముమ్మాటికీ క్యాన్సరేనని నొక్కి చెప్పారు. 1953లో న్యూయార్క్ మెమోరియల్ ఆస్పత్రికి చెందిన ఫుట్, ఫ్రేజెల్ లాలాజల గ్రంథి గడ్డలను వర్గీకరించిన తీరుతో ఆ పేరు వైద్యలోకంలో నిలబడింది. ఈ చరిత్రలో అసలు మలుపు ఇదే. కార్సినోమా అన్న మాట చేరాకే సర్జన్ కత్తి గడ్డ అంచు దగ్గర ఆగకుండా చుట్టూ ఉన్న మంచి కండను కూడా కొంత కలుపుకుని తీయడం మొదలైంది.

అంచు అనేది ఎక్కడుందో తేల్చడమే ఈ జబ్బులో కష్టం. ఇది నరాల వెంబడి పాకుతుంది. ముఖాన్ని కదిలించే నరం పెరోటిడ్ గ్రంథి లోపలి నుంచే వెళుతుంది. అంగిలి నరాలు పుర్రె అడుగుకు చేరుతాయి. తీగ పట్టుకుని పాకినట్టు కణాలు ఆ నరాల తొడుగుల్లో గడ్డకు చాలా దూరం వెళతాయి. అందుకే కొందరిలో గడ్డ చేతికి తగలకముందే తిమ్మిరి, నొప్పి, మూతి వంకరపోవడం మొదలవుతాయి. మరోవైపు రక్తంలో కలిసి ఊపిరితిత్తులకు చేరడం దీనికి అలవాటు. మెడలోని లింఫ్ గ్రంథుల్లోకి మాత్రం అంతగా పోదు.

1974లో మెమోరియల్ ఆస్పత్రికే చెందిన స్పైరో, హ్యూవోస్, స్ట్రాంగ్ 242 మంది రోగుల అనుభవాన్ని ఒకచోట చేర్చారు. 1978లో పెర్జిన్ బృందం నాళాల్లాంటి, జల్లెడ లాంటి, గట్టి ముద్దలాంటి మూడు అల్లికలను విడదీసి, ముద్ద అల్లిక ఎక్కువగా ఉన్నవారి పరిస్థితి దిగజారుతుందని చూపింది. 1984లో సాంటో బృందం 30 శాతానికి మించి ముద్ద అల్లిక ఉంటే అత్యంత తీవ్రమైన తరగతిగా లెక్కించింది. అల్లిక కన్నా జబ్బు ఏ దశలో దొరికిందన్నదే ముఖ్యమని స్పైరో తర్వాత వాదించాడు.

క్యాన్సర్ వైద్యంలో అయిదేళ్లు గడిస్తే గండం గడిచిందనుకోవడం పరిపాటి. ఇక్కడ ఆ లెక్క చెల్లదు. పది, పదిహేనేళ్ల తర్వాత కూడా ఊపిరితిత్తుల్లో మచ్చలు బయటపడతాయి. అలా బయటపడ్డాక కూడా ఏళ్ల తరబడి బతికేవారున్నారు.

ఆపరేషన్ కుదరని గడ్డల మీద అమెరికా, బ్రిటన్ వైద్యులు కలిసి న్యూట్రాన్ కిరణాలను మామూలు రేడియేషన్‌తో పోల్చి చూశారు. లాలాజల గ్రంథి గడ్డలన్నిటి మీదా జరిగిన ఆ పరీక్ష చిన్నదే. 1993లో వచ్చిన ఫలితాల్లో పదేళ్ల తర్వాత గడ్డ అదుపులో ఉన్నవారు న్యూట్రాన్ వర్గంలో 56 శాతం, రెండో వర్గంలో 25 శాతం. అయినా రోగుల ఆయుష్షులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. దూరాన ఊపిరితిత్తులకు చేరిన కణాలను మెడ మీద పడే కిరణం ఏం చేయగలదు?

2009లో రెండు వార్తలు వెలువడ్డాయి. మొదటిది మనసు కష్టపెట్టేది. ఈ క్యాన్సర్ కణాలని నమ్మి ప్రయోగశాలలు ఏళ్లుగా పెంచుతున్న ఆరు కణజాలాలను జన్యు పరీక్షకు పెడితే ఒక్కటీ అసలుది కాదని తేలింది. మూడు 1951లో హెన్రియెట్టా లాక్స్ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నుంచి తీసిన హీలా కణాలు, ఒకటి మూత్రాశయ క్యాన్సర్‌ది, మిగిలిన రెండూ మనిషివే కావు. వాటి మీద చేసిన పరిశోధనలను తిరిగి తూకం వేసుకోవలసి వచ్చింది.

రెండోది స్వీడన్ నుంచి వచ్చింది. గోథెన్‌బర్గ్‌లో గోరన్ స్టెన్‌మన్ బృందం ఈ క్యాన్సర్‌లో 6వ, 9వ క్రోమోజోముల ముక్కలు తారుమారై మిబ్, ఎన్‌ఎఫ్‌ఐబి అనే రెండు జన్యువులు అతుక్కుంటున్నాయని చూపింది. మిబ్ జన్యువు మొదట కోళ్లలో రక్తక్యాన్సర్ తెచ్చే వైరస్ ద్వారా తెలిసింది. అదే అతుకు రొమ్ములో పుట్టే అడినాయిడ్ సిస్టిక్ కార్సినోమాలోనూ దొరికింది. అక్కడ జబ్బు చాలా మెతకగా ఉంటుంది. చర్మపు సిలిండ్రోమాల్లోనూ ఆ అతుకు ఉందని తర్వాత కనుక్కున్నారు. బిల్‌రోత్ కాలపు పేరు కలిపేసిన రెండు గడ్డలకు జన్యువుల్లోనూ చుట్టరికం ఉందన్నమాట. 2013లో 60 గడ్డల జన్యుపటం గీసిన పరిశోధకులకు మార్పులు చాలా తక్కువగా కనిపించాయి.

అమెరికాలో ఒక రోగి, ఆమె భర్త కలిసి 2005లో స్థాపించిన పరిశోధనా ఫౌండేషన్ ఈ పనికి గట్టి ఊతమిచ్చింది. లెన్వాటినిబ్ వంటి మాత్రలు కొందరిలో గడ్డ పెరుగుదలను కొంతకాలం నిలువరిస్తున్నాయి. నేటికీ ప్రధాన చికిత్స ఆపరేషన్, ఆ తర్వాత రేడియేషన్. అంగిలి మీదో చెవి ముందో నొప్పిలేని గడ్డ వారాల తరబడి తగ్గకపోయినా, ముఖంలో ఒక పక్క తిమ్మిరి విడవకపోయినా వైద్యుడికి చూపించండి. ఈ జబ్బుకు చికిత్స పొందినవారు అయిదేళ్లు దాటాక కూడా పరీక్షలు మానకండి.