1934లో బాబాసాహెబ్ ఓడిపోయిన ఒక కేసు

పోయిన ఏప్రిల్ 14న మా ఊరి విగ్రహం దగ్గర జరిగిన సంగతితో మొదలుపెడతాను. ఒక ట్రాన్స్ మహిళ దండ పట్టుకుని వచ్చింది. మెట్ల మీద కూర్చున్న మన కుర్రాళ్లు ఒక మాట విసిరారు. అందరూ నవ్వారు. మైకు నా చేతిలోనే ఉంది. నేను నవ్వలేదు గానీ ఆపలేదు కూడా. ఆమె దండ వేసి ఎవరి మొహమూ చూడకుండా వెళ్లిపోయింది. సాయంత్రం ఆ కుర్రాళ్లలో ఒకణ్ని అడిగితే, "వాళ్ల గొడవ మనకెందుకన్నా? మన పోరాటానికే మనం చాలట్లేదు" అన్నాడు. మన కులం పేరునే తిట్టుగా వాడే ఊళ్లో పుట్టి పెరిగిన పిల్లాడు.

ఆ తమ్ముడి కోసమే ఈ భాగం.

బొంబాయిలో రఘునాథ్ ధోండో కర్వే అని ఒక లెక్కల ప్రొఫెసర్ ఉండేవారు. చిత్పావన బ్రాహ్మణ కుటుంబం. వితంతు వివాహాల కోసం పనిచేసిన మహర్షి కర్వే కొడుకు. సంతాన నియంత్రణ గురించి బాహాటంగా మాట్లాడినందుకు కాలేజీ ఉద్యోగం పోయింది. అయినా ఊరుకోలేదు. 1927లో 'సమాజ్ స్వాస్థ్య' అనే మరాఠీ పత్రిక పెట్టారు. మహద్‌లో మనవాళ్లు చవుదార్ చెరువు నీళ్లు తాగిన ఏడాదే అది. ఇంట్లో, డాక్టరు దగ్గర కూడా నోరు విప్పలేని ప్రశ్నలు జనం ఆ పత్రికకు రాసేవారు, ఆయన దాపరికం లేకుండా జవాబిచ్చేవారు. 1931లో అశ్లీలత కింద ఒకసారి జరిమానా పడింది. 1934లో మళ్లీ కేసు. ఈసారి నేరం, హస్తప్రయోగం గురించీ స్వలింగ సంబంధాల గురించీ పాఠకులు అడిగితే జవాబులు చెప్పడం.

బొంబాయి హైకోర్టులో కర్వే తరఫున లేచి నిలబడిన లాయరు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్.

అప్పటి ఆయన పరిస్థితి గుర్తు తెచ్చుకోండి. పూనా ఒప్పందం జరిగి రెండేళ్లు కూడా కాలేదు. గాంధీ ప్రాణం మీదకు తెచ్చాడని తిట్టేవాళ్లకు కొదవ లేదు. నాసిక్‌లో 1930లో మొదలైన కాలారామ్ గుడి సత్యాగ్రహం తేలలేదు. ఇలాంటప్పుడు ఒక బ్రాహ్మణుడి 'బూతు పత్రిక' కేసు నెత్తికెత్తుకోవడం! మా తమ్ముడు పక్కనుంటే "మనకెందుకు సార్" అనేవాడే.

లైంగిక విషయాల మీద రాసిన ప్రతిదీ అశ్లీలం కాదని ఆయన వాదించారు. ఇలాంటి వికృతమైన ప్రశ్నలు అచ్చువేసి జవాబివ్వడం దేనికని జడ్జి అడిగితే, వికృతి అనుకున్నా దాన్ని జ్ఞానంతో తప్ప దేనితో పోగొడతారని ఎదురడిగారు. హావ్‌లాక్ ఎల్లిస్ పరిశోధనను కోర్టు ముందు పెట్టి, ఆ కోరిక సహజంగా ఉన్న మనుషులు తమ తీరులో సుఖపడితే అందులో తప్పేముందన్నారు. 'వికృతి' అన్న మాట ఇవాళ మన చెవికి గుచ్చుకుంటుంది, గుచ్చుకోవాలి కూడా. 1934 నాటి మనిషికి ఇవాళ్టి జెండా కప్పక్కర్లేదు. కానీ ఆ గదిలో ఆ మనుషుల పక్షాన మాట్లాడిన గొంతు ఎవరిదో మర్చిపోతే మాత్రం మనది అబద్ధపు జయంతి.

కేసు ఓడిపోయారు. కర్వేకు 200 రూపాయల జరిమానా. 84 ఏళ్ల తర్వాత, 2018 సెప్టెంబర్ 6న, సుప్రీంకోర్టు 377వ సెక్షన్‌లో పరస్పర ఇష్టంతో ఉండే పెద్దలను నేరస్థులను చేసే భాగాన్ని కొట్టేసింది. ఆ తీర్పు ఆనుకున్న 'రాజ్యాంగ నైతికత' అన్న మాట, 1948 నవంబర్‌లో రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ నొక్కి చెప్పిందే.

స్వలింగ ప్రేమ వేరు, ట్రాన్స్‌గా బతకడం వేరు. వాళ్లను చూసి నవ్వే నవ్వు మాత్రం ఒకటే, చట్టం చేతిలో కర్ర కూడా ఒకటే. 1871 నేరస్థ జాతుల చట్టం మొదటి భాగం కొన్ని జాతులను పుట్టుకతోనే దొంగలంది. రెండో భాగం హిజ్రాల పేర్లు పోలీసు రిజిస్టర్‌లోకి ఎక్కించమంది. ఆ మొదటి భాగం వారసత్వమే తర్వాత మన ఎరుకలవాళ్లను స్టూవర్టుపురం సెటిల్‌మెంట్‌లో పెట్టింది. రెండో భాగానికి నకలు లాంటిది నిజాం రాజ్యంలో 1329 ఫస్లీలో, అంటే 1919లో వచ్చింది. ఆడబట్టలు కట్టి వీధిలో పాడినా ఆడినా వారంట్ లేకుండా అరెస్టు, రెండేళ్ల దాకా జైలు. ట్రాన్స్ కార్యకర్తలే కోర్టుకెక్కి కొట్లాడితే, 2023 జులైలో తెలంగాణ హైకోర్టు దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. అంటే మొన్నమొన్నటి దాకా అది పుస్తకంలో ఉంది. మనలో ఎంతమందికి తెలుసు? నాకూ తెలియదు, తీర్పు వచ్చాకే చదివాను.

ఈసారి జయంతి కమిటీ మీటింగు ఆదివారం. ఆమె ఇల్లు ఎక్కడో కనుక్కున్నాను, పిలవడానికి నేనే వెళ్తున్నా. ఆ తమ్ముణ్ని కూడా రమ్మన్నాను. "వస్తా గానీ, ఏం మాట్లాడాలన్నా?" అన్నాడు. ముందు క్షమాపణ నేను చెప్పాలి, తర్వాత నువ్వు చూసుకో అన్నాను.

జై భీమ్.