అమ్ము వెనుక ఈకలు

ఒంటిమిట్ట కోదండరామాలయాన్ని వొంటుడు, మిట్టుడు అనే బోయలు కట్టించారని మన జిల్లాలో చెప్పుకుంటారు. 1652లో వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియర్ ఆ గుడిని ఎంతో మెచ్చుకున్నాడు. గోపురం సంగతి సరే, ఆ బోయలకు బతుకుదెరువైన అమ్మును మాత్రం మనం పట్టించుకోము.

నవమికి మా మనవడు వెదురు పుల్లకు మూడు కాకి ఈకలు కట్టి వేశాడు. "అబ్బా, వంకర పోతాంది" అన్నాడు. చూస్తే ఒక ఈక నేరుగా వింటి కర్రకే తగులుతోంది! పుల్లను సగం చుట్టు తిప్పి, నారి పట్టే గాడిని అటువైపు కోయించాను. ఒంటి ఈక బయటికి తిరిగింది, తక్కిన రెండూ కర్రను రాసుకోకుండా జారాయి. ఈకలన్నీ ఒకే పక్క రెక్కవి కావాలి. అప్పుడే వాటి సహజమైన వంపు వల్ల అమ్ము తిరుగుతూ నిలకడగా పోతుంది. ముందు బరువు, వెనుక గాలి పట్టు ఉంటే మొన దారి తప్పదు. నేను దాన్ని అలంకారమే అనుకున్నవాణ్ణి!

14వ శతాబ్దపు శార్ఙ్గధర పద్ధతి మాత్రం నాలుగు ఈకలు, ఒక్కొక్కటి ఆరు అంగుళాలు (ఇవి వేలి వెడల్పులు, మన ఇంచీలు కావు), కొమ్ము వింటికైతే పది అంటుంది. కాకి, హంస, కొంగ జాతులు, నెమలి, రాబందు ఈకలు మేలట. ఆ రాబందులు పశువులకిచ్చిన డైక్లోఫెనాక్ మందువల్ల 1990ల నుంచి కుప్పకూలాయి. 2006లో ఆ మందును నిషేధించారు. మనవడికి రాబందును చూపాలంటే నాకిప్పుడు బొమ్మే దిక్కు.